పై అధికారికి మెయిల్ పెట్టినా జవాబు రావడం లేదు, ఎక్కడ తేడా?

ఎక్కువసార్లు లోపం సబ్జెక్టు లైన్‌లోనే ఉంటుంది. ‘రిక్వెస్ట్’ అంటే ఏమీ అర్థం కాదు. ‘ల్యాప్‌టాప్ కొనడానికి మీ అనుమతి, శుక్రవారంలోగా’ అని పెట్టండి. ఏం కావాలో మొదటి వాక్యంలోనే చెప్పి, కారణాలు తర్వాత రాయండి. మనం రామాయణమంతా చెప్పి చివర్లో అసలు సంగతికొస్తాం. ఫోన్‌లో చదివేవాళ్లు అంతదాకా రారు.

‘టు’లో ఐదుగురుంటే పక్కవాళ్లు చూస్తారులే అనుకుంటారు. పని చేయాల్సిన ఒక్కరినే అందులో ఉంచి, మిగతావాళ్లను ‘సీసీ’లో వేయండి.

‘ఈఓడీ’ (ఎండ్ ఆఫ్ డే, అంటే ఆ రోజు పని ముగిసేలోగా) అని గడువు పెట్టడం మరీ ప్రమాదం. హైదరాబాద్‌లో సాయంత్రం 6 అంటే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 8:30, చలికాలంలో 7:30. ఏ ఊరి టైమో రాయండి.

రెండు మెయిళ్లకీ ఉలుకూ పలుకూ లేకపోతే ఫోన్ చేయండి. ఒప్పుకున్నది మాత్రం వెంటనే రెండు వాక్యాల్లో మెయిల్ పెట్టండి.