గుమాస్తా మానేశారు, లెక్కల ఫైలు పాస్‌వర్డ్ అడుగుతోంది

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు పరిశ్రమ. తోతాపురి కాయలు తోలిన రైతుల పేర్లు, తూకాలు, చెల్లింపులు అన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (వివరాలను పట్టికలుగా దాచే సాఫ్ట్‌వేరు) ఫైలులో ఉన్నాయి. దాన్ని చూసుకునే గుమాస్తా మానేసి వెళ్లిపోయారు, ఫోనుకు దొరకడం లేదు. ఆఫీసు కంప్యూటర్లలో నమోదు ఫారం మామూలుగానే తెరుచుకుంటోంది గానీ, అసలు డేటా ఫైలు తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫైలు ఇస్తే పాస్‌వర్డ్ తీసి ఇస్తామని ఊళ్లో ఒక దుకాణం వారు అంటున్నారు. ఇవ్వవచ్చా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఇవ్వకండి. రైతుల బ్యాంకు ఖాతాల వివరాలు కూడా అందులో ఉండే ఉంటాయి కనుక ఆ ఫైలు ఆఫీసు గడప దాటకూడదన్నది ఒక కారణం. మీకు ఆ అవసరమే లేదన్నది అంతకన్నా ముఖ్యమైన కారణం. నమోదు ఫారం ఏమీ అడగకుండా పని చేస్తోందంటే, ఫారం ఉన్న ఫైలు వేరు, పట్టికలున్న ఫైలు వేరు అన్నమాట. మొదటిది రెండోదాన్ని లింకు ద్వారా చదువుతుంది. అలా లింకు ఇచ్చేటప్పుడు కొట్టిన పాస్‌వర్డ్‌ను యాక్సెస్ ఎన్‌క్రిప్ట్ చేయకుండా (రహస్య సంకేతాల్లోకి మార్చకుండా), ఉన్నది ఉన్నట్టుగా ఫారం ఫైలులోనే దాచుకుంటుంది. భద్రత విషయంలో ఇది లోపమే అయినా ఈసారికి మీకు కలిసొచ్చింది.

ముందు అందరిచేతా ఫారం మూయించి, రెండు ఫైళ్లనూ వేరే డ్రైవులోకి కాపీ చేసి ఉంచండి. తర్వాత షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని ఫారం ఫైలు కాపీని తెరవండి. ప్రారంభ ఫారం రాకుండా ఎడమవైపు పట్టికల జాబితా కనిపిస్తుంది. లింకు పట్టిక మీద రైట్ క్లిక్ చేసి, దాన్ని లోకల్ టేబుల్‌గా మార్చమంటే డేటా అంతా ఈ కాపీలోకే వచ్చేస్తుంది (యాక్సెస్ 2010, ఆ తర్వాతి వాటిలో ఈ వీలుంది). లెక్కలు చేతికొస్తే చాలనుకుంటే ఇక్కడితో ఆగిపోవచ్చు.

పాస్‌వర్డే కావాలంటే, పట్టికలను మార్చని మరో కాపీలో నావిగేషన్ ఆప్షన్లలోకి వెళ్లి సిస్టమ్ ఆబ్జెక్టులు (యాక్సెస్ తనకోసం దాచుకునే పట్టికలు) చూపించమని టిక్ పెట్టి, ఎంసిస్‌ఆబ్జెక్ట్స్ (MSysObjects) అనే పట్టిక తెరవండి. అందులో కనెక్ట్ అనే నిలువు వరుసలో పీడబ్ల్యూడీ (ప్రజాపనుల శాఖ కాదు లెండి) అనే ఇంగ్లిషు అక్షరాల పక్కన, ఈక్వల్ గుర్తు తర్వాత సెమికోలన్ దాకా ఉన్నదే మీ పాస్‌వర్డ్. పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టింపు ఉంటుంది కనుక చూసి కొట్టకుండా కాపీ చేసి పేస్ట్ చేయండి. షిఫ్ట్ కీ పని చేయకుండా ఆ గుమాస్తా అడ్డుకట్ట వేసి ఉంటే, కొత్త ఖాళీ డేటాబేస్ తెరిచి అందులోకి ఆ లింకులను ఇంపోర్ట్ చేసుకోండి.

పాస్‌వర్డ్ తీసేయాలన్నా మార్చాలన్నా డేటా ఫైలును 'ఓపెన్ ఎక్స్‌క్లూజివ్' పద్ధతిలోనే (ఆ సమయంలో మరెవరూ తెరవలేని విధంగా) తెరవాలి. ఎవరూ వాడకపోయినా వాడుకలో ఉందని మొరాయిస్తే, కరెంటు పోయినప్పుడు మిగిలిపోయిన లాక్ ఫైలు (ఎవరో వాడుతున్నారనడానికి గుర్తుగా యాక్సెస్ పెట్టుకునే చిన్న ఫైలు) అదే ఫోల్డరులో ఉందేమో చూసి తొలగించండి. పాస్‌వర్డ్ మార్చాక పాత లింకులు పనికిరావు, వాటిని తీసేసి కొత్తగా ఇచ్చుకోవాలి.

ఇక దుకాణం వారి మాట. 2003 దాకా వచ్చిన యాక్సెస్‌లలోని ఎండీబీ (పేరు చివర .mdb ఉండే) ఫైలుకు పెట్టిన పాస్‌వర్డ్‌ను చిన్న సాఫ్ట్‌వేరుతో ఎవరైనా బయటికి తీయగలరు, అందులో వారి గొప్పతనమేమీ లేదు. 2007 నుంచి వచ్చిన ఏసీసీడీబీ (పేరు చివర .accdb ఉండే) ఫైలుకు పాస్‌వర్డ్ పెడితే లోపలి డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ అవుతుంది. మరచిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తీసివ్వలేదు, ఊహించి ఒక్కొక్కటే ప్రయత్నించడం తప్ప దారి లేదు. కాబట్టి తీస్తామన్నవారు అది ఏ రకం ఫైలని అడిగారో లేదో చూడండి. అడగకుండానే మాట ఇచ్చి ఉంటే వారికి పని తెలియదనే అనుకోవాలి.

మరొకటి, మీరు ఉద్యోగి అయితే ఈ పని మొదలుపెట్టే ముందు యాజమాన్యం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షను యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని డేటాను తెరవడాన్నీ, కాపీ చేయడాన్నీ తప్పుగానే చూస్తుంది.