మేనకోడలికి: నారు పొడుగెక్కిపోకుండా లైటు ఎక్కడ కట్టాలంటే

బుజ్జమ్మా,

నువ్వు పంపిన ఫోటోలు చూశానే. టమాటా, మిరప రెండూ సన్నగా లేచి కిటికీ వైపు ఒరిగిపోయాయి, నువ్వేమో ఎరువు తక్కువైందా మావయ్యా అని అడుగుతున్నావు. ఎరువు జోలికి వెళ్ళకు, ఇప్పుడు యూరియా నీళ్ళు పడితే ఇంకా మెత్తగా పొడుగెక్కుతాయి. అసలు సంగతి ఏంటంటే నీ లైటు అల్మారా పై అరకి కట్టి ఉంది, ట్రే కింద అరలో ఉంది, మధ్యలో రెండున్నర అడుగుల ఎడం. అంత దూరం నుంచి 20 వాట్ల ట్యూబు వెలుగు మొక్కదాకా వచ్చేసరికి ఏం మిగులుతుంది చెప్పు?

మన కంటికి ఆ గది వెలుతురుగానే కనిపిస్తుంది, అక్కడే అందరూ మోసపోతారు. వెలుగుని లక్స్ అనే లెక్కలో కొలుస్తారు, మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, కిటికీకి నాలుగడుగులు లోపలికి వస్తే వెయ్యి కూడా ఉండదు చాలా ఇళ్ళల్లో. నారుకి తెల్ల ఎల్ఈడీ కింద పది పన్నెండు వేల లక్స్, రోజుకి 14 నుంచి 16 గంటలు కావాలి. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, ఫోన్ని ఆకుల ఎత్తులో పెట్టి చూడు, అంకె కరెక్టుగా రాకపోయినా ఎంత తేడానో తెలిసిపోద్ది. గులాబీ రంగు లైట్లకి మాత్రం ఆ యాప్ పనికిరాదు, తప్పు చూపిస్తుంది. చిన్న బల్బయితే దూరం రెట్టింపు చేస్తే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, పొడుగు ట్యూబుకి దగ్గర్లో అంత ఘోరం కాదు గానీ సగం అయితే పోతుంది.

కాబట్టి మామూలు ట్యూబయితే మొలక కొన మీద బెత్తెడు నుంచి జానెడు లోపు ఉంచు. పలక మీద ఎల్ఈడీలు పరిచిన వంద వాట్ల బోర్డు లైటయితే మూరెడు నుంచి రెండడుగులు. ఇది మొదలు పెట్టడానికి లెక్క అంతే, తర్వాత మొక్కే చెప్తుంది నీకు. గొలుసుతో వేలాడదీయి, నాలుగు రోజులకోసారి ఒక్కో కొక్కెం మార్చుకుంటూ మొక్కతో పాటు పైకి లేపుతూ ఉండు.

మొక్క ఎలా చెప్తుందంటే, కణుపులు చూడు. కింద పాత కణుపుల్ని వదిలెయ్, అవి సాగిపోయినవి ఇంక తగ్గవు. కొత్తగా వచ్చిన రెండు కణుపుల మధ్య వేలు పెట్టి చూడు. మిరపకి ఆ ఎడంలో నీ బొటనవేలు అడ్డంగా సులువుగా పట్టేస్తుంటే లైటు దూరమైనట్టే, రెండంగుళాలు దించు. కణుపులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టుండి, పై ఆకులు అంచులు పైకి ముడుచుకుని తెల్లబడుతుంటే మరీ దగ్గరైంది, లేపు. అరచెయ్యి ఆకుల ఎత్తులో కాసేపు పెట్టు, వేడి తగిలితే మొక్కకీ తగుల్తుంది. ఎత్తు అంతా అక్కడే తేలుతుంది బుజ్జమ్మా, వాట్లు ఎన్ని అని షాపులో గంటసేపు నిలబడక్కర్లేదు.

కడియం, కడియపులంక వైపు నర్సరీల్లో చూడు, కుండీలు ఎడం ఎడంగా జరిపేది ఎందుకనుకుంటున్నావు. మన డెల్టాలో వరి నారుమడి ఒత్తుగా చల్లితే నారు సన్నగా పొడుగెక్కడం నీకు తెలుసు కదా, అదే ఇది. ఆకు ఎర్ర వెలుగు తాగేస్తుంది, దాని పక్కనే మన కంటికి సరిగ్గా ఆనని ఫార్ రెడ్ అనేదాన్ని వదిలేస్తుంది, పక్క మొక్క అది పసిగట్టి పోటీ వచ్చింది రా బాబూ అని పైకి పరిగెడుతుంది. అందుకే లైటు సరిచేసినా ట్రేలో ఆకుకి ఆకు తగుల్తుంటే సాగుడు ఆగదు, ముందు పలచన చెయ్యి. పాతకాలం ఫిలమెంట్ బల్బులు కూడా వాడకు, వాటిలో ఆ ఫార్ రెడ్డూ వేడీ రెండూ ఎక్కువే. డబ్బా మీద 6500కె అని ఉన్న తెల్ల ట్యూబు తీసుకో, అందులో నీలం పాలు ఎక్కువ, నీలం మొక్కని గుబురుగా పొట్టిగా ఉంచుతుంది.

ఇంక ఒరగడం. వెలుగు ఎటు నుంచి వస్తే అటు తిరుగుతుంది, నువ్వు బీఎస్సీలో చదివే ఉంటావు, 1880లో డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల కొనలకి టోపీలు పెడితే అవి వంగలేదని. అంటే వెలుగుని చూసేది కొన, వంగేది కింద కాడ. లైటు కొనకి నెత్తిమీద ఉంటే వంగే పనే లేదు. ట్యూబు చివర్లలో వెలుగు తక్కువ కాబట్టి అంచు మొక్కలు మధ్యలోకి వాలతాయి, రెండు రోజులకోసారి ట్రే తిప్పేయ్, పొట్టి కుండీల కింద ఇటుక పెట్టి కొనలన్నీ ఒకే ఎత్తుకి తే. చుట్టూ తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టు, పక్కకి పోయే వెలుగు తిరిగి వస్తుంది.

అన్నీ పొట్టిగానే ఉండాలని కాదు. మనీ ప్లాంట్ కర్ర ఎక్కాలంటే లైటు పైన, ఎత్తులో పెట్టు. తులసి గుబురు కావాలంటే లైటు దగ్గరగా ఉంచి మూడో కణుపు మీద తుంచు. చామంతి మాత్రం 16 గంటల లైటు కింద పెట్టకు, దానికి పొడుగు రాత్రి పడితేనే మొగ్గ. చామంతి తోటల్లో రాత్రిళ్ళు బల్బులు వేసేది కూడా అందుకే, కాడ ఎదిగేదాకా మొగ్గ కట్టకుండా ఆపడానికి.

కాకినాడ ఉక్కకి గది మూసేస్తే నారుకుళ్ళు వస్తుంది, ఫ్యాను చిన్నగా తిప్పు, గాలికి ఊగిన కాడ లావెక్కుతుంది కూడా. వైరు నీళ్ళ కిందకి రానీకు, ప్లగ్గు ట్రేకి పైనే ఉండాలి.

ఇప్పుడున్న టమాటా నారు పారెయ్యకు, తిరగనాటేటప్పుడు కాడని మొదటి ఆకుల దాకా మట్టిలో పాతెయ్, కాడ నుంచే వేళ్ళొస్తాయి. మిరప అంతలోతు పాతకు. అది మరీ సాగిపోయింది, నా మాట విని మళ్ళీ విత్తు, గింజలు ఆదివారం అమ్మ చేత పంపిస్తాను.

మావయ్య