పై ఫ్లాట్‌లో పాప చేతుల మీద వాతలు

ప్రశ్న: మేడమ్, మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా పై ఫ్లాట్ వాళ్లూ తెలుగువాళ్లే, బాబుని ఆడించడానికని ఊర్నించి పదేళ్ల పాపని తెచ్చుకున్నారు. బడికి పంపరు, ఎప్పుడూ ఆకలిగా ఉంటుంది, మొన్న చేతుల మీద వాతలు చూశాను, అడిగితే పడ్డానంది. కంప్లైంట్ ఇస్తే గొడవవుతుందని మావారి భయం. ఏం చెయ్యను?
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇవాళే 1098కి ఫోన్ చెయ్యండి. చైల్డ్ హెల్ప్‌లైన్ అది, ఫ్రీ, 24 గంటలూ పనిచేస్తుంది, మీ పేరు బయటికి రావద్దని ముందే చెప్పండి. కొడుతున్న శబ్దం వినిపిస్తే మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీ నంబరు 112కి చెయ్యండి. రుజువులు మీరు వెతకక్కర్లేదు, అనుమానం చాలు, ఏ రోజు ఏం చూశారో రాసిపెట్టుకోండి. పద్నాలుగేళ్లలోపు పిల్లని ఇంటిపనికి పెట్టుకోవడమే నేరం, కొట్టడం, పస్తులుంచడం దాని మీద ఇంకో కేసు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. లైంగికంగా ఏదైనా జరుగుతోందని తెలిస్తే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) ప్రకారం చెప్పకపోవడమే తప్పవుతుంది. పై ఇంటివాళ్లని ముందు నిలదీయకండి, ఆ కోపం పాప మీద చూపిస్తారు, లేదా రాత్రికి రాత్రి ఊరు పంపేస్తారు. పాప ఫొటో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అస్సలు పెట్టొద్దు. మెట్ల దగ్గర కనిపిస్తే కాస్త అన్నం పెట్టి మామూలుగా మాట్లాడండి, గుచ్చి గుచ్చి అడగొద్దు.