నవంబర్ 19: మా దివిసీమలో దానికి ఉన్న పేరు ఒక్కటే

“నవంబర్ 19న చరిత్రలో జరిగిన ముఖ్య సంఘటనలేమిటి? ఆ రోజుకు ఏమైనా ప్రత్యేకత ఉందా?” అని అడిగారు.

ఈ ప్రశ్నకు ఎక్కడైనా దొరికే జవాబు నాకూ తెలుసు. ఝాన్సీ లక్ష్మీబాయి జయంతిగా చెప్పుకునే రోజు అది. 1863లో అబ్రహాం లింకన్ గెటిస్‌బర్గ్‌లో ప్రసంగించిన రోజు, 1917లో అలహాబాదులో ఇందిరా గాంధీ పుట్టిన రోజు, 1969లో అపోలో 12 వ్యోమగాములు చంద్రుడి మీద దిగిన రోజు కూడా అదే. 1977 దగ్గరికి వచ్చేసరికి ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ ఇజ్రాయెల్ గడ్డ మీద కాలు పెట్టాడని రాస్తారు. ఆయన విమానం అక్కడ దిగడానికి కొన్ని గంటల ముందు, అదే శనివారం సాయంత్రం, కృష్ణా జిల్లా దివిసీమలో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి వేలమందిని తీసుకుపోయింది. ఆ మాట మాత్రం చాలా జాబితాల్లో కనిపించదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాకు తెలిసిన నవంబర్ 19 అదే కాబట్టి, దాని గురించే రాస్తాను.

మా ఊరు అవనిగడ్డకూ నాగాయలంకకూ మధ్య ఉంటుంది. సముద్రం మాకు కనిపించేంత దగ్గర కాదు, గాలి అటునుంచి వీచిన రాత్రుల్లో హోరు మాత్రం వినిపిస్తుంది. ఆ ఏడు దీపావళి వెళ్ళి వారమే అయింది. కార్తీక మాసం కాబట్టి నాయనమ్మ తెల్లవారుజామునే కాలువలో స్నానం చేసి దీపం వదిలి వచ్చేది. సార్వా (వానాకాలపు వరి) చేలన్నీ గింజ పట్టి వంగి ఉన్నాయి, కోతకు పది రోజులు కూడా లేదు. ఆ కోతల కోసం పైప్రాంతాల నుంచి కూలీలు అప్పటికే వచ్చి, లంకల్లోనూ సముద్రపు ఒడ్డున పల్లెపాలేల్లోనూ పాకలు వేసుకుని ఉన్నారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

శుక్రవారం రాత్రి మొదలైన వాన శనివారం పొద్దుటికి గాలివాన అయింది. తుపాను వస్తుందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. అయితే తుపాను అంటే మాకు గాలి, పడిపోయిన అరటితోటలు, ఎగిరిపోయిన పాక కప్పు, అంతే. ఉప్పెన అనే మాట తాతయ్య తరం కథల్లో ఉండేది గానీ, అది ఎంత ఎత్తున వస్తుందో, ఎంతసేపట్లో వస్తుందో, వస్తే ఎటు పోవాలో చెప్పగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కడు కూడా లేడు. మధ్యాహ్నానికి తాటాకు ఇళ్ళవాళ్ళు మా పెంకుటింట్లోకి వచ్చేశారు. వారితో పాటు పల్లెపాలెం నుంచి చేపల గంప పెట్టుకుని పొద్దున్నే ఊళ్ళోకి వచ్చి, గాలికి తిరిగి వెళ్ళలేకపోయిన ఒకామె కూడా ఉంది. నాయనమ్మకు ఆమె ఎన్నో ఏళ్ళుగా చేపలు పోసేది. భర్తనూ ముగ్గురు పిల్లలనూ ఇంటి దగ్గర వదిలి వచ్చానని, వాన తగ్గగానే పోతానని అంటూ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

పొద్దు వాలేవేళకు తాతయ్య వాకిట్లోకి వెళ్ళి, తడిసిన చెయ్యి పైకెత్తి చూసుకుని లోపలికి వచ్చాడు. పొద్దుటి నుంచీ ఈశాన్యం నుంచి కొట్టిన గాలి తూర్పుకు తిరిగి, అక్కడి నుంచి దక్షిణానికి మళ్ళుతోంది. “గాలి తిరిగిందిరా, ఇక నీళ్ళొస్తాయి” అన్నాడు మా నాన్నతో. అప్పుడు నాయనమ్మ చెప్పిన మొదటి మాట మనుషుల గురించి కాదు. “ముందు పలుపులు కోసెయ్యరా, కట్టుగొయ్యకు ఉంటే చచ్చిపోతాయి” అంది. నాన్న కొడవలి తీసుకుని పశువుల పాకలోకి పరుగెత్తి రెండు గేదెలవీ, దూడదీ పలుపులు కోసి వచ్చేసరికి ఆయన పంచె మోకాళ్ళ దాకా తడిసింది. అది వాననీరు అనుకున్నాం. నాన్న మూతి తుడుచుకుని “ఉప్పగా ఉంది” అన్నాడు.

ఒడ్డున ఉన్నవాళ్ళు తాటిచెట్టంత అలను చూశామని చెబుతారు. మేం చూసింది అల కాదు. నేలే పొంగుతున్నట్టు, గడప దాటి, అరుగు దాటి, కళ్ళ ముందే గదిలో నీరు ఎత్తుగా లేచింది. నన్ను మొదట ధాన్యం బస్తాల మీదికి, అక్కడి నుంచి అటక మీదికి ఎక్కించారు. ఇత్తడి బిందెలూ పాత మంచపు కోళ్ళూ పెట్టుకునే ఆ చెక్క అటక మీద ఆ రాత్రి పదిహేడు మందిమి కూర్చున్నాం. కింద మా తవ్వ, సోల, పీటలు, అన్నీ నీటి మీద ఒకదానికొకటి తగులుతూ చేసిన చప్పుడు నాకు గాలి హోరు కంటే స్పష్టంగా గుర్తుంది. చేపలామె తెల్లవారే దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తెల్లవారి నీరు నడుముకు దిగగానే, నాన్న వద్దంటున్నా వినకుండా తమ పాలెం వైపు నడిచి వెళ్ళిపోయింది. నాలుగో రోజున ఒక్కతే తిరిగి వచ్చింది.

ఈ విపత్తు మా సీమనే ఎందుకు పట్టుకుందో తర్వాత పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. తుపాను కేంద్రం తీరం దాటింది మా దగ్గర కాదు, పడమటగా చీరాల వైపున. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి కాబట్టి, కేంద్రం నేల మీదికి వచ్చే దారికి కుడిపక్కన ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్ని తోసుకుంటూ వస్తుంది. గంటకు దాదాపు 200 కిలోమీటర్ల గాలి తోస్తే, లోతు తక్కువ సముద్రంలో ఆ నీటికి పైకి లేవడం తప్ప వేరే దారి ఉండదు. అలా దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు, కృష్ణ రెండు పాయల మధ్య పళ్ళెంలా పరుచుకున్న మా నేల మీద మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళు మొదట దానికి ఎదురయ్యాయి. తాతయ్యకు ఈ శాస్త్రం తెలియదు, గాలి దక్షిణానికి తిరిగితే నీళ్ళొస్తాయని మాత్రం తెలుసు. రేడియో కూడా ఆ ఒక్క వాక్యం మామూలు తెలుగులో చెప్పి ఉంటే, ఎత్తయిన మిట్టలకూ డాబా ఇళ్ళకూ చేరి వందల కుటుంబాలు బతికేవని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

చనిపోయినవారి సంఖ్య గురించి కూడా చెప్పాలి. ప్రభుత్వ అంచనా సుమారు 10,000. ఆ తర్వాత 14,000 పైచిలుకు అన్న లెక్క కూడా ప్రచారంలోకి వచ్చింది. మా వైపు ఎవరిని అడిగినా ఈ రెండు లెక్కలూ తక్కువే అంటారు, నా అభిప్రాయం కూడా అదే. ఇందాక చెప్పిన కోత కూలీల పేర్లు మా ఊళ్ళ ఏ దస్త్రంలోనూ లేవు. కుటుంబం మొత్తం పోయిన చోట ఫలానా వాళ్ళు కనబడటం లేదని చెప్పడానికి మనిషి కూడా మిగలలేదు. చెప్పేవాళ్ళు లేని చావు లెక్కలోకి ఎలా వస్తుంది?

ఆ తర్వాతి రోజుల్లో సహాయం రాలేదని అనను. ఆనాటి మంత్రి, అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు ఊరూరా తిరిగారు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. ఎక్కడెక్కడి నుంచో యువకులు వచ్చి, మేం చూడలేక ముఖం తిప్పుకున్న శవాలను చేలల్లోంచి, తుమ్మ కంపల్లోంచి తీసి దహనం చేశారు. వారి పేర్లు ఏ జాబితాలోనూ లేవు, ఈ జన్మకు వారి రుణం మాకు తీరదు. మా బావి నీళ్ళు మాత్రం రెండు వేసవుల దాకా నోట పెట్టుకోలేకపోయాం.

ఇప్పుడు మీరు అడిగిన తేదీ విషయానికి వస్తాను. మన ఇళ్ళలో పోయినవారిని తిథిని బట్టి తలుచుకుంటాం, తద్దినం పెట్టడానికి నెల, పక్షం, తిథి కావాలి. ఉప్పెనలో శవం దొరికినవారి ఇళ్ళలో కార్తీక శుద్ధంలో ఆ తిథి పట్టుకుని ఆబ్దికాలు జరిగేవి. శవం దొరకనివారి సంగతి వేరు. మా చేపలామె చాలా ఏళ్ళు తన పిల్లలు ఎక్కడో ఒడ్డుకు కొట్టుకుపోయి బతికే ఉన్నారనుకుంది. అందుకని తద్దినం అన్న మాట ఆమె ముందు ఎవరూ ఎత్తేవారు కాదు. కానీ ఏటా అక్టోబరు చివర్లో మా ఇంటికి వచ్చి, గంప దించి, “అమ్మగారూ, ఆ తారీఖు ఈ ఏడు ఏ వారం పడిందో చూడండి” అని అడిగేది. నాయనమ్మ గోడ మీది క్యాలెండరు దించి, పేజీ తిప్పి, 19 అంకె చుట్టూ కాటుక పుల్లతో సున్నా చుట్టి, వారం చెప్పేది. ఆ రోజు ఆమె గంప ఎత్తేది కాదు. అన్నం వండుకుని, ముద్ద కలిపి, సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళి వదిలి వచ్చేది. ఆమెకు ఇంగ్లీషు నెలల పేర్లు రావు, ఆ ఒక్క తేదీ మాత్రం వచ్చు.

మా సీమలో వయసు కూడా ఆ రోజుతోనే లెక్కపెట్టేవారు. ఫలానావాడు ఉప్పెనకు ముందు పుట్టాడా, ఉప్పెనకు పాలు తాగే బిడ్డా, ఉప్పెన వెళ్ళిన మరుసటేడు పుట్టినవాడా అని అడిగి పెళ్ళిసంబంధాలు కుదిర్చేవారు. చరిత్రలో ఒక రోజుకు ప్రత్యేకత ఉందా లేదా అనేదానికి నాకు తెలిసిన కొలత ఇదే. మనుషులు తమ బతుకును దానికి ముందు, దానికి తర్వాత అని విడదీసుకుని చెప్పుకుంటారా లేదా అన్నదే చూడాలి.

అయినా పెద్ద తేదీలు చిన్నవారి తేదీలను కప్పేస్తాయి. నవంబర్ 1 అనగానే మనకు 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు గుర్తొస్తుంది. 1864లో సరిగ్గా అదే నవంబర్ 1న బందరును ఉప్పెన ముంచి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. మా తాతయ్య తన తండ్రి నోటి నుంచి విన్న కథలు బహుశా ఆ బందరు ఉప్పెనవే. ఆ తేదీని ఎవరైనా బడిలో ఏటా చదివి వినిపించి ఉంటే, 1977లో మా ఊళ్ళో ఉప్పెన అంటే కథ అనుకునేవారు కాదు. గుర్తుంచుకుంటే ఫలితం ఉంటుందనడానికి 1990 మే 9 తుపానే సాక్ష్యం. అదీ మా తీరాన్నే అంతే బలంగా కొట్టింది. అప్పటికి తుపాను షెల్టర్లు కట్టి ఉన్నారు, లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు, ప్రాణనష్టం వెయ్యి లోపు ఆగింది. అదీ చిన్న సంఖ్య కాదు, కానీ పదమూడేళ్ళ ముందు ఏం జరిగిందో గుర్తు పెట్టుకున్నందువల్లే అది పదివేలు కాలేదు. నీటికి అడ్డంగా నిలబడే మడ అడవులను కొట్టి రొయ్యల చెరువులు తవ్వుతుంటే నాకు కోపం వచ్చేది కూడా ఇందుకే. ఆ చెట్లు దేనికి ఉన్నాయో చెప్పే తేదీని మనం మరిచిపోతున్నాం.

2023లో అదే రోజున అహ్మదాబాదులో మన జట్టు ప్రపంచ కప్పు ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయింది. ఆ బాధ నాకూ ఉంది, రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అయితే ఇప్పుడు పిల్లలను నవంబర్ 19 అంటే ఏమిటని అడిగితే ఆ ఆటే చెబుతున్నారు. కిందటేడు హైదరాబాదులో మా మనవరాలి బడికి వెళ్ళినప్పుడు, పొద్దుటి ప్రార్థన తర్వాత “నేటి విశేషాలు” అంటూ ఒక విద్యార్థి ఆరు సంఘటనలు చదివాడు. అమెరికావి రెండు ఉన్నాయి, దివిసీమ లేదు. ఆ పిల్లవాడిని తప్పు పట్టను, అతనికి ఇచ్చిన కాగితంలో అది లేదు. దాని మీద నేను ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడాను. వచ్చే ఏడాదికి ఒక పేరా రాసి ఇమ్మని ఆమె అడిగారు.

నాయనమ్మ లేదు, చేపలామె కూడా పోయి పదేళ్ళయింది. ఊళ్ళో మా పాత ఇల్లు మాత్రం ఉంది. నీరు దిగిన వారానికి తాతయ్య ముందుగది గోడ మీద మరక చివర మేకుతో గీత గీసి పెట్టాడు. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ గీతను వదిలేసి వేయించాడు. పేరా రాయడానికి ముందు ఊరికి వెళ్ళి టేపు పెట్టి కొలిచాను. నేను రాసి ఇచ్చినది ఇది:

“1977 నవంబర్ 19, శనివారం సాయంత్రం, కృష్ణా జిల్లా దివిసీమలో ఉప్పెన వచ్చింది. సుమారు 10,000 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది, లెక్కకు అందనివారు ఇంకా ఉన్నారు. గాలి దక్షిణానికి తిరిగిన కొద్దిసేపటికే సముద్రం ఊళ్ళలోకి వచ్చింది. సముద్రానికి చాలా లోపల ఉన్న ఒక ఇంట్లో నీరు నేల నుంచి నాలుగు అడుగుల ఏడు అంగుళాల ఎత్తుకు నిలిచింది.”