శిమిలిగుడ స్టేషన్: బోర్డు మీది 996.32 మీటర్లు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలో, అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ అనే చిన్న స్టేషన్‌లో ఒక బోర్డు చూశాం. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషన్ ఇదేనని, సముద్ర మట్టానికి 996.32 మీటర్ల ఎత్తున ఉందని దాని మీద రాసి ఉంది. ఆ మాట నేటికీ నిజమేనా? చుట్టుపక్కల చెప్పుకోదగ్గ ఊరు కనిపించని చోట స్టేషన్ ఎందుకు కట్టినట్టు? పాతకాలపు ఆనవాళ్లు ఏమైనా మిగిలి ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, శృంగవరపుకోట

జవాబు: బోర్డు పెట్టిన నాటికి ఆ మాట నిజమే. ఇప్పుడు మాత్రం కాదు. 2008 అక్టోబరులో కాశ్మీర్ లోయలో రైళ్లు మొదలైనప్పటి నుంచి, శిమిలిగుడ కన్నా ఎంతో ఎత్తున ఉన్న బ్రాడ్‌గేజ్ స్టేషన్లు పట్టికలోకి వచ్చాయి. మరుసటి సంవత్సరం ప్రారంభమైన ఖాజీగుండ్ స్టేషన్ 1,700 మీటర్లకు పైనే ఉంటుంది. బోర్డు మీద ‘బ్రాడ్‌గేజ్’ అనే మాటను కూడా గమనించాలి. డార్జిలింగ్ చిన్న రైలు మార్గంలోని ఘూమ్ స్టేషన్ ఎత్తు 2,258 మీటర్లు కనుక, గేజ్ ప్రస్తావన లేకుండా ‘దేశంలోకెల్లా ఎత్తయినది’ అనే మాట శిమిలిగుడకు ఏనాడూ చెల్లలేదు. అయినా పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్ల దూరం ఉండే పెద్ద లైనును, సముద్రపు ఒడ్డున ఉన్న విశాఖ నుంచి వంద కిలోమీటర్లు దాటగానే ఇంచుమించు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చారంటే, అది రికార్డు పోయినంత మాత్రాన చిన్నబోయే పని కాదు.

ఇక ఊరు లేని చోట స్టేషన్ ఎందుకన్నది మీ ప్రశ్నల్లో అసలైనది. ఈ లైను ప్రయాణికుల కోసం పుట్టలేదు, అరకు అందాల కోసం అంతకన్నా కాదు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా కొండల ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. గనికీ రేవుకూ మధ్య తూర్పు కనుమలు అడ్డుగా ఉండడంతో, దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టు కింద, డీబీకే అన్న పొట్టి పేరుతో, విశాఖ దగ్గరి కొత్తవలస నుంచి బైలడిలా గనుల దగ్గరి కిరండూల్ దాకా దాదాపు 450 కిలోమీటర్ల మార్గాన్ని వేశారు. 58 సొరంగాలతో కొండలను తొలుచుకుంటూ సాగిన ఆ పని 1960ల నడుమ పూర్తయి, 1966–67 నాటికి లైను తెరుచుకుంది. ఈ ఖనిజం రైళ్ల కోసమే 1965లో వాల్తేరులో డీజిల్ షెడ్డు పెట్టారు; 1980ల తొలినాళ్లకు విద్యుత్ ఇంజన్లు వచ్చాయి. కాబట్టి ఆవిరి ఇంజన్ల కాలపు స్టేషన్లకు ప్రాణమైన నీటి స్తంభానికీ బొగ్గు గుట్టకూ శిమిలిగుడ చరిత్రలో పెద్దగా చోటు లేదు. బ్రిటిష్ కాలపు పోత ఇనుప స్తంభాలు, కంపెనీ అక్షరాలు పోసిన బల్లలు వెతికేవారు కొత్తవలస దాటి కొండెక్కకపోవడమే మేలు.

ఒంటి లైను మీద ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్లు ఒకదాన్నొకటి తప్పుకోవాలంటే, ఊరు ఉన్నా లేకపోయినా కొన్ని కిలోమీటర్లకొక స్టేషన్ ఉండి తీరాలి. బొడ్డవర దాటాక వచ్చే శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస స్టేషన్లలో చాలావాటికి ఇదే మూలం. వాటిలో శిమిలిగుడ స్థానం ప్రత్యేకమైనది, ఎందుకంటే ఎక్కుడు అక్కడితో ముగుస్తుంది. అక్కడి నుంచి పట్టాలు అటు అరకు వైపూ ఇటు బొర్రా వైపూ కిందికే దిగుతాయి. మూడేసి ఇంజన్లు కట్టుకుని నిండు బరువుతో కిరండూల్ వైపు నుంచి వచ్చే ఖనిజం రైలుకు కష్టం ఎక్కడంలో కాదు, ఇక్కడి నుంచి దిగడంలో ఉంది. ఘాట్ దిగబోయే ముందు బ్రేకుల పట్టు సరిచూసుకోవడం అటువంటి మార్గాలన్నింటిలో పాటించే నియమం. స్టేషన్ అంచు నుంచి బయటికి వందకు ఒకటి కన్నా ఎక్కువ వాలు ఉంటే, నిలిపి ఉంచిన వ్యాగన్లు జారి మెయిన్ లైను మీదికి పోకుండా వాటిని పక్కకు మళ్లించే చిన్న లైను, అంటే స్లిప్ సైడింగ్, ఉండాలని కూడా రైల్వే నిబంధన చెబుతుంది.

ఆనవాళ్లంటే ఇక్కడ చూడవలసినవి ఇవే. స్టేషన్ గదిని పది అడుగుల్లో చుట్టేయవచ్చు, కానీ మెయిన్ లైను నుంచి విడిపోయి మళ్లీ దానిలోనే కలిసే పక్క లైను, అంటే లూప్ లైను, వెంట నడిస్తే అది అర కిలోమీటరుకు పైగా సాగుతుంది. ఆ పొడవు దిగే నలుగురైదుగురు ప్రయాణికుల కోసం కాదు, ఖనిజం రైలును మొత్తంగా ఇముడ్చుకోవడానికి. పాసింజర్ ఒక లైనులో ఆగి ఉండగా పక్క లైనులో ఆ వ్యాగన్లు ఒక్కొక్కటే కదిలిపోవడాన్ని ఓపికగా చూస్తే, ఎవరి ఇంటికి ఎవరు చుట్టమో తెలిసిపోతుంది. బోర్డు పక్కన ఫొటో దిగి వెనుదిరిగేవారు ఆ స్టేషన్‌లో అన్నిటికన్నా తక్కువ విలువైన వస్తువును చూసి వస్తున్నారని నా అభిప్రాయం.

ప్రశ్న: స్టేషన్ పేరు బోర్డుల మీద సముద్ర మట్టపు ఎత్తు రాసేది, ఇంజన్ వేగం పెంచాలో తగ్గించాలో డ్రైవరుకు తెలియడానికే అంటారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, బొబ్బిలి

జవాబు: ఈ వివరణ బాగా చలామణిలో ఉంది గాని నమ్మదగినది కాదు. రెండు స్టేషన్ల ఎత్తుల తేడా తెలిసినా, మధ్యలో లైను ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతుందో దాని వల్ల తెలియదు. ఆ పని కోసం లైను పక్కన వాలు ఎంతో చెప్పే గ్రేడియంట్ పోస్టులు ఉంటాయి. పైగా ఏ లోకో పైలట్ అయినా ఆ దారిని ముందుగా నేర్చుకున్నాకే సొంతంగా బండి నడుపుతాడు. లైను వేసేటప్పుడు చేసిన సర్వే లెక్కే బోర్డుల మీద ఆనవాయితీగా నిలిచిపోయిందనుకోవడం సబబు. అయితే అరకు దారిలో ప్రయాణించేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని ఒక్కో స్టేషన్ ఎత్తు రాసుకుంటూ పోతే, శిమిలిగుడ దాకా అంకె పెరుగుతూ వచ్చి అరకు దగ్గర తగ్గడం మీకే కనబడుతుంది.

ప్రశ్న: ఈ మార్గంలో రెండో లైను వేస్తున్నారు కదా. అది పూర్తయితే శిమిలిగుడ వంటి స్టేషన్లు ఉంటాయా, ఎత్తేస్తారా?
– ఒక పాఠకుడు, అరకు

జవాబు: కొత్తవలస–కోరాపుట్ మధ్య రెండో లైను పని చేపట్టారు. రాకకొక లైను, పోకకొక లైను ఉన్నప్పుడు ఎదురు రైళ్లను తప్పించే అవసరం ఉండదు కనుక, ఈ స్టేషన్ పుట్టుకకు కారణమైన పనే పోతుంది. అలాగని వెంటనే మూతపడుతుందనుకోనవసరం లేదు. నెమ్మదిగా నడిచే గూడ్సును పక్కకు పెట్టి వెనుక వచ్చే బండిని ముందుకు పంపడానికి, కొండచరియలు విరిగి ఒక లైను మూసుకుపోయినప్పుడు రైళ్లను రెండో లైనుకు మళ్లించడానికి ఘాట్‌లో స్టేషన్లు కావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ మార్గాన్ని ఎంత దెబ్బతీసిందో మీ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. లైన్ల అమరిక మాత్రం మారుతుంది. పాత లూప్, రైళ్లను ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లు ఉన్నవి ఉన్నట్టుగా చూడదలచినవారు ఆ పని ముగిసేలోపే వెళ్లి చూడడం మంచిది.