కొండ దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడితే

తిరుమల నుంచి దిగుతూ అలిపిరి దగ్గరికి వచ్చేసరికి పెడల్ నేలకు తగిలిందని, అరగంట ఆగితే మళ్లీ మామూలైందని, బ్రేకు ప్యాడ్లు (చక్రం దగ్గరి డిస్కును నొక్కి బండిని ఆపే పలకలు) మార్చినా ఫలితం లేదని రాశారు. ప్యాడ్లది తప్పు కాదండి. ప్యాడ్లు వేడెక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మీ పెడల్ మెత్తబడింది. అంటే బ్రేకు ఆయిల్ మరిగి, గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరాయి. మీ కాలి ఒత్తిడంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోయింది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైంది, పెడల్ తిరిగొచ్చింది.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగవచ్చు. చివరిసారి ఎప్పుడు మార్చారో మీరు రాయలేదు. నా అనుమానమంతా అక్కడే.

పాత ఆయిల్ పూర్తిగా తీయించి, బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకమే పోయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించండి. పైపైన కొంచెం పోసి సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. తర్వాత ఇంజన్ నడుస్తుండగా పెడల్ నొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి జారుతుంటే, బయట ఎక్కడా కారకపోతే, మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టే భాగం) సీళ్లు పోయినట్టే. అది బాగయ్యేదాకా బండి తీయకండి.

ఇక దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు. రెండో గేరులో దిగండి, వెనక వాళ్లు హారన్ కొట్టినా సరే.