ఆ పిల్లకి అన్నం పెట్టారా?

ప్రియమైన తల్లీ,

ప్రభువు పేరట శుభాలు. నువ్వు పంపిన పుస్తక సమీక్షలు మూడూ చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది. కానీ మూడింటి చివరా ఒకటే మాట: "ప్రతి క్రైస్తవ గృహంలోనూ ఉండవలసిన పుస్తకం." అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ పుస్తకం కింద రాసినా సరిపోయే మాట సమీక్ష ఎలా అవుతుంది?

నేను కూర్చుని జవాబు రాస్తున్నది మాత్రం అందుకు కాదు. చనిపోతే ప్రభువు లేపిన యాయీరు కూతురి బొమ్మల పుస్తకం గురించి రాస్తూ, "లేచాక ఆ పిల్లకి అన్నం పెట్టారా అని మా చెల్లి అడిగింది" అని ఒక్క ముక్క అనేసి దాటిపోయావు. నేను దాటలేకపోయాను. మార్కు సువార్త అయిదో అధ్యాయం ఆఖరి వచనం తీసి చూడు. పన్నెండేళ్ళ పిల్ల లేచి నడుస్తుంటే అందరూ నోరు తెరుచుకుని నిలబడ్డారు. ఆమెకు తినడానికి పెట్టమని చెప్పింది ప్రభువే. నువ్వు మెచ్చుకున్న పుస్తకంలో ఆ మాట లేదు. చివరి బొమ్మలో వెలుగూ దేవదూతలూ ఉన్నారని నువ్వే రాశావు. మంచం మీంచి లేచిన పిల్ల ఆకలి ఎవరికీ పట్టలేదు, మీ చెల్లికి తప్ప. నీ సమీక్ష అక్కడ మొదలవ్వాలి.

ఈ విషయంలో నేను ఎవరితోనైనా పోట్లాడతాను. పిల్లల పుస్తకాన్ని ఒక పిల్లకి చదివి వినిపించకుండా దాని మీద కలం పెట్టకూడదు. బోధ సరిగ్గా ఉందో లేదో పాస్టరుగారు చూస్తారు. పిల్ల ఎక్కడ ఆపి అడిగింది, ఎక్కడ దిక్కులు చూసింది అన్నది పక్కన కూర్చున్న నీకే తెలుస్తుంది. బన్యన్ రాసిన యాత్రికుని ప్రయాణంలో క్రైస్తవుడు అనే కథానాయకుడు చెవులు మూసుకుని, పెళ్ళాం పిల్లల్ని వదిలేసి పరుగెడతాడు కదా. మా సండే స్కూల్లో ఎప్పుడు చదివినా "మరి వాళ్ళేమయ్యారు టీచర్?" అని ఎవరో ఒకరు అడిగేవారు. 1678లో మొదటి భాగం అచ్చువేసిన బన్యన్, 1684లో రెండో భాగం తెచ్చి ఆ తల్లినీ నలుగురు కొడుకుల్నీ అదే దారిన నడిపించాడు. మొదటి భాగంతోనే ఆపేసిన పిల్లల పుస్తకం నీ చేతికొస్తే, ఆ సంగతి నువ్వు చెప్పి తీరాలి.

ఇక బైబిల్లోని ఎస్తేరు రాణి మీద పుస్తకం. గులాబీ రంగు అట్ట, అద్దం, కిరీటం! ఇప్పుడు టీనేజి ఆడపిల్లల కోసం వచ్చేవన్నీ ఇలాగే ఉంటున్నాయి. రాజు దగ్గరికి వెళ్ళేముందు గోపరస తైలంతో ఆరు నెలలు, సుగంధాలతో ఆరు నెలలు అన్న ఒక్క వచనాన్ని పట్టుకుని రెండు అధ్యాయాలు సాగదీశారని నువ్వే రాసి, "ఆకర్షణీయం" అన్నావు. తన జనాన్ని కాపాడమని రాజుని అడగబోయే ముందు ఆమె చేసిన మూడు రోజుల ఉపవాసం ఎన్ని పేజీలుందో రాయలేదు. మధ్యలో డేటింగ్ గురించి సలహాలు కూడానట. రాజోలు పక్క ఊళ్ళో అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్తే, తమ్ముడికి వండిపెట్టి కాలేజీకి పరుగెత్తే పిల్లకి ఉన్న టెన్షన్ అది కాదు. ఇంటర్ అవగానే పెళ్ళి చేసేస్తారేమోనని ఆమె బెంగ. ఎస్తేరుకి అమ్మా నాన్నా లేరు, పరాయి దేశంలో బంధువు మొర్దెకై పెంచాడు. ఈ పిల్లకి అదే దగ్గరి కథ, దాన్నే మింగేశారు.

బయటి పుస్తకాలు వద్దని కాదు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నర్సాపురంలో మిషను పెట్టారు. అప్పట్నుంచీ మన డెల్టాకి పుస్తకం ఓడ దిగే వచ్చింది. దించేవాళ్ళు ఇక్కడి పిల్ల మొహం ఒకసారి చూడాలి కదా.

బెత్లెహేములో మోకాలి లోతు మంచు గీసిన ఒక పుస్తకం మీద నేనూ రాశాను. సంపాదకుడుగారు నా అభ్యంతరమంతా కోసేసి, "ఆశీర్వాదకరంగా ఉంది" అని చేర్చి, నా పేరుతోనే వేశారు. ఆ పత్రిక వెనక అట్ట మీద ఆ పుస్తకం ప్రచురణవాళ్ళ ప్రకటన ఉంది. ఆ రోజుల్లో మా అమ్మ లేసు అల్లేది. ఏజెంటు వచ్చి గుండు దారం తూకం వేసిచ్చి, అల్లింది మళ్ళీ తూకం వేసి తీసుకుని, డబ్బులిచ్చేవాడు. తపాలా బిళ్ళలకి అందులోంచే అడిగి తీసుకునేదాన్ని. అమ్మ ఆ పత్రికను ఇంటింటికీ పట్టుకెళ్ళి చూపించింది. ఆ మాట నాది కాదని ఆమెకు చెప్పలేకపోయాను. సంపాదకులంటే నాకు ఈ రోజుకీ నమ్మకం లేదు. నీ సమీక్షలో ఒక్క పేరా తీసేస్తామన్నా, పేరు కూడా తీసేయమను.

కలంపేరు గురించీ పారితోషికం గురించీ అడిగావు. ముందు యాయీరు కూతురిది తిరగరాసి పంపు, చెల్లి ప్రశ్న మొదటి వాక్యంగా పెట్టు. పుస్తకం ధర, పేజీలు, ఎక్కడ దొరుకుతుందో కింద వెయ్యి, ఈసారి మూడింట్లోనూ మర్చిపోయావు. ఎస్తేరు పుస్తకం మీ వీధిలో ఇంటర్ చదివే పిల్లకి ఇచ్చి, ఆమె ఏమందో ఆమె మాటల్లోనే రాసి తీసుకురా.

ప్రేమతో,
మీ అమ్మగారు